మౌస్ ఆగితే చాలా, నొక్కాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పరకాల. బస్టాండు పక్క సందులో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. ఆదాయ సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్‌లు, కాలేజీ అడ్మిషన్లు అన్నీ చేస్తాను. సీజన్‌లో రోజుకు 70 ఫారాల దాకా నింపుతాను. ఒక్కో ఫారానికి తక్కువలో తక్కువ 25 క్లిక్కులు. మూడు నెలల నుంచి కుడిచేతి చూపుడువేలు పొద్దున లేచేసరికి బిగుసుకుపోతోంది. టెండన్ వాచింది, వేలికి విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పారు. విశ్రాంతి ఇస్తే షాపు ఎట్లా నడుస్తుంది? మా బావగారి కొడుకు బీటెక్ చదువుతున్నాడు. ‘చిన్నమ్మా, నువ్వు నొక్కక్కర్లేదు, కర్సర్‌ను ఆ గడి మీద పెడితే చాలు, దానంతటదే టిక్ పడేటట్టు స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసిస్తా’ అంటున్నాడు. అది మంచిదేనా? అసలు వెబ్‌సైట్లన్నీ అట్లాగే ఎందుకు తయారుచేయరు?
– ఒక సోదరి, పరకాల

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలోని రెండు అంకెలను గుణించి చూశాను. రోజుకు 1750 సార్లు నొక్కుతున్నారు. అన్నిసార్లూ అదే వేలు, అదే కీలు. 2001 నుంచి పదకొండేళ్లు కాజీపేటలో నేనూ నెట్ సెంటర్ నడిపినవాణ్నే, ఆ నొప్పి నాకు తెలుసు. అందుకని ముందు మీ వేలి సంగతి చూద్దాం. స్క్రిప్ట్ సంగతి తర్వాత.

ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. మీది విండోస్ కంప్యూటరైతే ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్ పట్టుకుని నమ్‌లాక్ నొక్కండి. మౌస్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. అవునని చెప్పండి. ఇక పక్కనున్న అంకెల మీటల్లో 5 నొక్కితే క్లిక్ చేసినట్టే. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. కర్సర్‌ను మాత్రం ఎప్పటిలాగే కుడిచేత్తో మౌస్‌తోనే జరపండి, నొక్కే పని ఎడమచేతికి అప్పగించండి. అంకెల మీటలు మాత్రమే ఉండే చిన్న యూఎస్‌బీ కీప్యాడ్ విడిగా దొరుకుతుంది. దాన్ని కీబోర్డుకు ఎడమపక్క పెట్టుకుంటే చెయ్యి అడ్డంగా చాచే బాధ కూడా ఉండదు. ఆధార్ నంబరు కొట్టాల్సి వచ్చినప్పుడు కీబోర్డు పైవరుసలోని అంకెల మీటలు వాడండి.

రెండోది, కీబోర్డు. మన సెంటర్ల వాళ్లం పేరు, ఊరు టైపు చేసి, టిక్కుల దగ్గరికి వచ్చేసరికి మౌస్ పట్టుకుంటాం. పట్టుకోనక్కర్లేదు. ట్యాబ్ నొక్కుతూ పోతే గడి తర్వాత గడి వస్తుంది. చెక్‌బాక్స్ దగ్గర స్పేస్ కొడితే టిక్ పడుతుంది, స్పేస్‌కు బొటనవేలు చాలు. స్త్రీ, పురుషుడు లాంటి గుండ్రని రేడియో బటన్ల దగ్గర బాణం మీట నొక్కితే చుక్క పక్కదానికి జరుగుతుంది, జరగడంతోనే అది ఎంపికైపోతుంది. మళ్లీ నొక్కనవసరం లేదు.

డ్రాప్‌డౌన్ లిస్టులను తెరవాల్సిన పని కూడా లేదు. ట్యాబ్‌తో ఆ గడి మీదికి వచ్చి పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం కొట్టండి. హనుమకొండ జిల్లాలో పి అక్షరంతో మొదలయ్యే మండలం పరకాల ఒక్కటే, ఒక్క అక్షరంతో మీ ఊరు వచ్చేస్తుంది. దామెర, ధర్మసాగర్ రెండూ డి తోనే మొదలవుతాయి కాబట్టి రెండో అక్షరం కూడా వెంటనే కొట్టాలి. కాజీపేట, కమలాపూర్‌లకైతే మూడో అక్షరం దాకా పోవాలి. ఒక్క జాగ్రత్త. 2021లో జిల్లాల పేర్లు మారాక కూడా కొన్ని పాత సైట్ల లిస్టుల్లో వరంగల్ రూరల్, వరంగల్ అర్బన్ అలాగే మిగిలిపోయాయి. అక్కడ హనుమకొండ అని కొడితే ఏమీ రాదు. కొన్ని సైట్లు లిస్టును సొంతంగా గీసుకుంటాయి, వాటిలో కూడా ఈ అక్షరాల పద్ధతి పనిచేయకపోవచ్చు. మామూలు లిస్టుల్లో మాత్రం వారం రోజులు అలవాటు చేసుకుంటే మౌస్ కంటే వేగంగా పోతుంది.

ఇక మీ అబ్బాయి స్క్రిప్ట్. ఈ భాగం అతనికి చదివి వినిపించండి. ఆలోచన చెడ్డది కాదు. చిన్నమ్మ చెయ్యి నొప్పి చూసి ఆలోచించాడు కదా, అదే గొప్ప. కాకపోతే చిక్కులున్నాయి.

కర్సర్ తాకగానే టిక్ పడేటట్టు రాస్తే ఫారం మీద అటూ ఇటూ పోయిన ప్రతిసారీ దారిలో ఉన్నవన్నీ మారిపోతాయి. అందుకని గడి మీదికి రాగానే టైమర్ మొదలుపెట్టి, బయటికి పోగానే దాన్ని రద్దు చేయాలి. దీనికి మౌస్‌ఓవర్ అనే సంకేతం కాకుండా మౌస్‌ఎంటర్ అనే సంకేతం వాడాలి. మౌస్‌ఓవర్ అయితే లేబుల్ (గడి పక్కనుండే పేరు) లోపలి చిన్న భాగాల మీద కదిలినప్పుడల్లా మళ్లీ మళ్లీ మోగుతుంది, టైమర్ లెక్క చెడిపోతుంది. సమయం తీరాక చెక్డ్ అనే విలువను ట్రూ చేసి వదిలేస్తే తెర మీద టిక్ కనబడుతుంది గాని, ఆ మార్పు జరిగినట్టు పేజీకి కబురు అందదు. మండలం ఎంచుకోగానే గ్రామాల లిస్టు వచ్చే ఫారాలు ఉంటాయి చూశారా, లిస్టు విలువను ఇలా చాటుగా మారిస్తే అక్కడ గ్రామాల గడి ఖాళీగానే ఉండిపోతుంది. చెక్‌బాక్స్‌కైనా రేడియో బటన్‌కైనా క్లిక్ అనే ఆజ్ఞే ఇవ్వాలి, అప్పుడే పేజీకి మార్పు తెలుస్తుంది. రేడియో బటన్ మీద రెండోసారి ఆగినా నష్టం లేదు. చెక్‌బాక్స్ మీద రెండోసారి ఆగితే పెట్టిన టిక్ పోతుంది. హామీపత్రం టిక్ అట్లా పోతే సబ్మిట్ దగ్గర ఆగిపోయి, తప్పెక్కడుందో తెలియక పేజీ అంతా వెతుకుతారు.

ఇంత జాగ్రత్తగా రాసినా మామూలు డ్రాప్‌డౌన్ మాత్రం కర్సర్ పెడితే తెరుచుకోదు. ఆ లిస్టును గీసేది పేజీ కాదు, బ్రౌజర్. దాన్ని తెరవమని అడిగే ఆజ్ఞ ఉంది గాని, మనిషి నిజంగా నొక్కాడనో, మీట కొట్టాడనో, తెరను తాకాడనో తెలిస్తేనే బ్రౌజర్ దానికి ఒప్పుకుంటుంది. మౌస్ కదలికను అది మనిషి ఒప్పుదల కింద లెక్కవేయదు. ఫొటో అప్‌లోడ్ చేసే కిటికీకి కూడా ఇదే కట్టుబాటు. ఈ కాపలా మనకోసమే పెట్టారు. లేకపోతే మౌస్ అటు పోగానే పది కిటికీలు తెరిచే సైట్లు పుట్టుకొచ్చేవి.

అన్నింటికంటే నాకు భయమనిపించేది ఇంకొకటి. ఇతరుల సైట్లలో ఇట్లాంటి స్క్రిప్ట్ నడవాలంటే బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్, వేయాలి. మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే, మార్చే అనుమతి దానికి ఇవ్వాల్సి వస్తుంది. మీ కంప్యూటర్‌లో రోజూ 70 మంది ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కనిపిస్తాయి. మీ అబ్బాయి రాసినదైతే అతనికి తెలిసిన కోడే ఉంటుంది. ఎక్కడో దొరికిన ఎక్స్‌టెన్షన్ మాత్రం దయచేసి వేయకండి. జనం మిమ్మల్ని నమ్మి కాగితాలు చేతిలో పెడుతున్నారు.

ఆగితే క్లిక్ అయ్యే సౌకర్యమే కావాలనుకుంటే దాన్ని పేజీలో కాదు, కంప్యూటర్ సెట్టింగ్స్‌లో పెట్టుకోవాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అక్కడినుంచి వచ్చే క్లిక్ నిజమైన క్లిక్, బ్రౌజర్ దాన్ని మన్నిస్తుంది. డ్రాప్‌డౌన్ తెరుచుకుంటుంది, ఫొటో కిటికీ తెరుచుకుంటుంది, ఏ సైటుకూ విడిగా ఏమీ రాయక్కర్లేదు. విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకునే ఉబుంటులో, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలోకి పోతే హోవర్ క్లిక్ అని ఉంటుంది. మ్యాక్‌లో, క్రోమ్‌బుక్‌లో ఉంది. ఆండ్రాయిడ్ ఫోనుకు మౌస్ తగిలించినా ఉంది. విండోస్‌లో తెర మీద కనిపించే కీబోర్డుకు మాత్రం, మీట మీద ఆగితే అక్షరం పడే ఏర్పాటు ఉంది. మామూలు పేజీల మీద కావాలంటే విడిగా ప్రోగ్రామ్ వేసుకోవాలి.

మా వీధిలో ఒక అబ్బాయికి బైక్ ప్రమాదం తర్వాత కుడిచేతి వేళ్లలో పట్టు పోయింది. అరచేత్తో మౌస్‌ను నెట్టగలడు, నొక్కలేడు. వాళ్లింట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించి హోవర్ క్లిక్ ఆన్ చేశాను. మొదట టైము తక్కువ పెట్టాను. ఎక్కడ ఆగితే అక్కడ క్లిక్ పడి, చదువుదామని ఆగిన చోట కూడా లింకులు తెరుచుకుని అతను విసుగుతో మౌస్‌ను పక్కకు తోశాడు. స్లైడర్‌ను కొంచెం కొంచెం పెంచుతూ పోయాం. ఒక సెకను దాటాక కుదిరింది. ఆ టైము నడుస్తున్నంతసేపూ కర్సర్ రంగు కొసనుంచి మెల్లగా మారుతూ వస్తుంది, పూర్తిగా మారితే క్లిక్. అతను ఆ రంగును చూస్తాడు. వద్దనుకుంటే సగం మారగానే చెయ్యి జరుపుతాడు. పక్కనే చిన్న కిటికీలో మామూలు క్లిక్, డబుల్ క్లిక్, లాగడం, కుడి క్లిక్ అని నాలుగు ఉంటాయి, కావలసినదాని మీద ముందు ఆగితే తర్వాతి క్లిక్ ఆ రకంగా పడుతుంది. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్ష ఫీజు దరఖాస్తు అతనే నింపుకున్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది, లోపలికి రాలేదు. సబ్మిట్ అయినట్టు నంబరు రాగానే అతను వెనక్కి తిరిగి ఆమెకు చూపించాడు.

అట్లాంటివాళ్లకు ఇది ప్రాణంతో సమానం. మీకు మాత్రం నేను దీన్ని చెప్పను. లెక్క చూడండి. 1750 క్లిక్కులకు ఒక్కోదానికి 1.2 సెకన్లు ఆగితే రోజుకు 2100 సెకన్లు, అంటే 35 నిమిషాలు ఊరికే ఎదురుచూడటం. పైగా ఆగిన ప్రతిసారీ చెయ్యి కదలకుండా బిగబట్టాలి, వేలి నొప్పి మణికట్టుకు ఎక్కుతుంది. మీకు మౌస్ కీస్, కీబోర్డు చాలు. డాక్టరు చెప్పిన విశ్రాంతి మాత్రం మానకండి.

వెబ్‌సైట్లన్నీ ఇట్లాగే ఎందుకు చేయరని అడిగారు. మన ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో చూడండి. వ్యాపారి బస్తాలో చెయ్యి పెడతాడు, నాలుగు కాయలు తీస్తాడు, ఒకటి విరిచి గింజలు చూస్తాడు, అక్కడే పడేసి పక్క బస్తా దగ్గరికి పోతాడు. చెయ్యి పెట్టినందుకు ఎవరూ డబ్బు అడగరు. ధర చెప్పి చీటీ రాస్తేనే బేరం. కర్సర్ తిరగడం బస్తాలో చెయ్యి పెట్టడం లాంటిది, క్లిక్ చీటీ రాయడం లాంటిది. చెయ్యి పెట్టిన బస్తా అల్లా కొన్నట్టే అంటే మార్కెట్‌లో ఎవడూ సరుకు చూడడు. కంటిచూపుతో కంప్యూటర్‌ను నడిపే పరికరాలు తయారుచేసినవాళ్లకు కూడా మొదట ఎదురైన కష్టం ఇదే. చూసిందల్లా ఎంపికైపోతుంటే మనిషి ఇక దేన్నీ ఊరికే చూడలేడు. దానికి వాళ్లు మైదాస్ స్పర్శ అని పేరు పెట్టారు. మైదాస్ అంటే ముట్టుకున్నదల్లా బంగారమైపోయే గ్రీకు కథలోని రాజు. మనకైతే భస్మాసురుడి చెయ్యి గుర్తొస్తుంది.

ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. 2009లో ఒక ప్రైవేటు కోర్సు దరఖాస్తుకు రేగొండ వైపు నుంచి తండ్రీకొడుకులు నా సెంటర్‌కు వచ్చారు. ఆ ఫారంలో బ్రాంచీల పేర్లు వరుసగా ఒకదాని కింద ఒకటి, వాటి కిందే సబ్మిట్ బటన్. కర్సర్ దేనిమీద ఉంటే అది ఎంపికయ్యేటట్టు చేశారు ఎవరో. పైన రెండోది ఎంచుకున్నాను. సబ్మిట్ కోసం మౌస్‌ను కిందికి లాగాను. దారిలో మూడోది, నాలుగోది, ఐదోది దాటి బటన్ మీదికి వచ్చి నొక్కాను. ప్రింట్ వచ్చాక అబ్బాయి చదివి, ‘అన్నా, ఇది నేను అడిగిన బ్రాంచి కాదు’ అన్నాడు. ఐదోది పడింది. సరిదిద్దే వీలు లేదు, మళ్లీ కొత్తగా ఫీజు కట్టాలి. రెండో ఫీజు నేనే కట్టాను. కానీ ఆ తండ్రి ముఖంలో ఆ పది నిమిషాలు కనిపించిన భయం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తర్వాత నేను వెబ్ పని నేర్చుకుని సైట్లు చేయడం మొదలుపెట్టాక, నా చేతుల మీదుగా పోయిన ఏ ఫారంలోనూ కర్సర్ తగిలితే మారే ఎంపిక పెట్టలేదు. కర్సర్ వస్తే ఆ వరుస రంగు మారుతుంది, నొక్కితేనే చుక్క పడుతుంది.

మీ అబ్బాయి నిజంగా సాయం చేయాలనుకుంటే ఒక మాట చెప్పండి. చిన్న గడి మీద గురిపెట్టి నొక్కడమే వేలికి ఎక్కువ శ్రమ. వెబ్ ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2023 అక్టోబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో, నొక్కాల్సిన చోటు కనీసం 24 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలని చెప్పింది. పేరును లేబుల్‌గా సరిగ్గా ముడివేస్తే పేరు మీద ఎక్కడ నొక్కినా టిక్ పడుతుంది. అతను చదువు అయ్యాక చేయబోయే ఫారాల్లో ఈ రెండూ పాటిస్తే, మీలాంటి సెంటర్లు నడిపే ఎంతమంది వేళ్లు బాగుపడతాయో.

ప్రశ్న: సార్, మా కాలేజీ ఫెస్ట్ కోసం ఫీడ్‌బ్యాక్ ఫారం చేశాను. ఐదు నక్షత్రాలు, మౌస్ ఎక్కడి దాకా పోతే అక్కడి దాకా రేటింగ్ పడుతుంది. ల్యాప్‌టాప్‌లో బాగుంది. ఫోన్‌లో తెరిస్తే గందరగోళం. ఎందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థి, జమ్మికుంట

జవాబు: ఫోన్ తెర మీద వేలు గాలిలో ఉంటే అది ఎక్కడుందో ఫోనుకు తెలియదు. తాకితేనే తెలుస్తుంది. తాకాక బ్రౌజర్ ముందు కర్సర్ వచ్చినట్టు, తర్వాత క్లిక్ అయినట్టు వరుసగా కబుర్లు పంపుతుంది. మీ కోడ్ రెండింటికీ స్పందిస్తుంటే ఒకే తాకుడుకు రెండు పనులు జరుగుతాయి. వేలు తీశాక కూడా కర్సర్ అక్కడే ఉన్నట్టు రంగు నిలిచిపోతుంది. మీ ఫెస్ట్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్ నుంచే నింపుతారు కదా, కాబట్టి ఫోన్‌నే ముందు పెట్టుకోండి.

కర్సర్‌తో రంగు మాత్రమే చూపించండి, రేటింగ్‌ను క్లిక్‌తోనే ఖాయం చేయండి. కర్సర్ పక్కకు పోతే ఖాయమైన నక్షత్రాల రంగుకు తిరిగి రావాలి. ఆ రంగు మార్పును కూడా సీఎస్ఎస్‌లో (పేజీ రంగురూపాలు రాసే భాషలో), హోవర్ చేయగల, అంటే నొక్కకుండా కర్సర్‌ను పైన నిలపగల, పరికరమేనా అని అడిగే మీడియా క్వెరీ అనే షరతు లోపల రాస్తే ఫోన్‌లో నిలిచిపోయే బాధ తప్పుతుంది. నక్షత్రాల కింద అసలు రేడియో బటన్లే ఉంచండి. చూపులేని విద్యార్థి, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వస్తే అతనికి అవే దారి.

ప్రశ్న: బాబూ, నేను రిటైరైన టీచర్‌ను. మా తమ్ముడి పొలం వివరాలు ఒక ఫారంలో నింపాను. 2 ఎకరాలని కొట్టిన గుర్తు. ప్రింట్‌లో 0 వచ్చింది. నేను దాన్ని ముట్టుకోలేదు. కళ్లు తప్పాయా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హుజూరాబాద్

జవాబు: మాస్టారూ, మీ కళ్లు తప్పలేదు, మీరు సరిగ్గానే కొట్టి ఉంటారు. అంకెలు నింపే కొన్ని గడులకు ఒక గుణం ఉంది. అంకె కొట్టాక కర్సర్ ఆ గడి మీదే ఉండగా, పేజీని కిందికి జరపడానికి మౌస్ మధ్యలోని చక్రం తిప్పితే, కొన్ని బ్రౌజర్లలో పేజీ జరగదు, గడిలోని అంకె తగ్గుతుంది. రెండు మెట్లు తిప్పితే 2 కాస్తా 0 అవుతుంది. శబ్దం ఉండదు, హెచ్చరిక ఉండదు. ఇది ఫారం తయారుచేసినవాళ్లు చూసుకోవాల్సిన లోపం. ఎకరాలు, గుంటలు లాంటివి నింపించే చోట మామూలు రాత గడి పెట్టి, అంకెల కీబోర్డు మాత్రం వచ్చేటట్టు చేస్తే సరిపోతుంది.

మీరు చేయగలిగింది ఇది. అంకె కొట్టగానే ట్యాబ్ నొక్కి తర్వాతి గడిలోకి పోండి, లేదా పక్కన ఖాళీ జాగాలో ఒకసారి క్లిక్ చేసి ఆ తర్వాతే చక్రం తిప్పండి. మీ తమ్ముడి దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంటే, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్ జతచేసి విస్తీర్ణం సరిచేయమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఇచ్చినట్టు నకలు మీద ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి.